మా అత్త ఎక్కే లేడీస్ పెట్టె

మా అత్త పోయింది. తిరువళ్ళూరు స్టేషను పక్కన మణవాళనగర్‌లో మా వీధికీ, చుట్టుపక్కల ఊళ్ళలో ఉండే మా బంధువులకీ ఈ సంగతి అప్పుడే తెలిసిపోయింది. మీకు ఇప్పుడు చెప్తాండాను. మధ్యాన్నం అన్నం తిని, మునగాకు చేటలో పోసుకొని, వాకిట్లో గోడకానుకొని దూస్తా కూర్చోనుండింది. లోపలినుంచి రెండు తూర్లు పిలిచినాను. పలకలేదు. పొద్దున మా ఇద్దరికీ మాటా మాటా అయింది. ఆ కోపం ఇంకా దిగలేదేమో, బెట్టు చేస్తాండాది అనుకొని నేనూ గిన్నెలు తోముకుంటా ఉండిపోయినాను. బయటికొచ్చి చూస్తే చేట ఒళ్ళోనే ఉండాది, చేతులు ఆకులోనే ఉండాయి, మనిషి లేదు.

నాది పుట్టు అనుమానం. పాలల్లో నీళ్ళు కలిస్తే అందరికీ అనుమానం వస్తాది. నాకు చిక్కటి పాలు పోసిన రోజు వస్తాది, ఈడికి ఈరోజు ఏం పని పడిందో మనతో అని. దేవుడు ఎదురుగా వచ్చి వరం కోరుకో అంటే ముందు ఆధార్ కార్డు చూపించు అనే రకమే నువ్వు అని మా ఆయన ఎగతాళి చేస్తాడు. చేసుకోనీ. అనుమానం ఉండబట్టే ఈ కొంప ఇన్నాళ్ళు నిలబడింది అంటాను నేను.

ఇంకో మాట ముందే చెప్పేస్తాను. దీంట్లో మా పిల్ల సంగతి వస్తాది. ఆమెకు తమిళం చదివినంత బాగా తెలుగు చదవను రాదు, అందుకని రాసింది నేనే చదివి వినిపించినాను. పేర్లు లేకుండా రాయి అనింది. సరే అన్నాను. నా పేరు మీకు తెలీదు, మీ మొకం నాకు తెలీదు. అట్లుండబట్టే రాయగలుగుతాండాను.

నా అనుమానానికి తగినట్టే దొరికింది అత్త. నెలనెలా కృత్తిక నాడు తిరుత్తణి కొండకు పోయేది. పొద్దున టిఫిను తిని తిరువళ్ళూరులో రైలెక్కితే, మళ్ళీ దీపాలు పెట్టే వేళకు ఇల్లు చేరేది. కొండెక్కి సామిని చూసి, మొక్కుకు ఉప్పూ మిరియాలూ పోసి దిగితే మధ్యాన్నానికి ఇంట్లో ఉండచ్చు. మిగతా పొద్దంతా యాడుంటాది ఈ మనిషి? అడిగితే, రైళ్ళు లేటు అనేది. ప్రతి నెలా, పోయేటప్పుడూ వచ్చేటప్పుడూ, ఈమె ఎక్కిన రైలే లేటయితాదా?

వచ్చేటప్పుడు చెయ్యి ఊరికే ఉండదు. ఒక నెల మునక్కాయల కట్ట, ఒక నెల సంచి నిండా చిక్కుడుకాయలు. ఒకతూరి పసిబిడ్డ ఫొటో తెచ్చి సామి పటాల పక్కన పెట్టింది. ఎవరి బిడ్డ అత్తా అంటే, రైల్లో వచ్చే ఆమెకు మనవడు పుట్టినాడు అనింది. ఆమె పేరేమి? తెలీదు. ఏ ఊరు? అడగలేదు. పేరూ ఊరూ తెలీని మనిషికి ఎవరైనా మునక్కాయలు ఇస్తారా, బిడ్డ ఫొటో ఇస్తారా, మీరే చెప్పండి.

దానికి ఆమె చెప్పే మాట ఒకటుండింది. "పేరు చెప్పినాక మనిషి ఆ పేరుకు తగ్గట్టే మాట్లాడతాదే. అందుకే నేను అడగను."

ఈ మాట అప్పట్లో నాకు రుచించలేదు. పేరడగని చోట ఏం మాట్లాడతారు? ఇంటి గుట్టు తప్ప ఆడోళ్ళకు అంతసేపు మాట్లాడను ఏముంటాది? ఇదే నా లోపల తిరుగుతా ఉండేది.

అది నిజంగా భయమయింది మా పిల్ల ప్లస్ టూ ముగించిన ఎండాకాలంలో. పిల్ల చెయ్యరాని పని చేసుకోబోయింది. అంతకంటే నేను రాయను. ఆస్పత్రిలో పెట్టుకొని బతికించుకున్నాము. ఊరికి మాత్రం, బయట తిన్న తిండి పడలేదు అని చెప్పినాము. ఆ మాట కట్టింది నేనే. మా ఆయన, మా అత్త, మింజూరులో ఉండే మా అక్క, వీళ్ళకు తప్ప ఇంకెవరికీ నిజం తెలీదు. ఆడపిల్ల, రేపు ఒక ఇంటికి పోవాల్సింది. ఈ సంగతి గడప దాటిందంటే దాని బతుకు ఏం గాను? ఆస్పత్రినుంచి వచ్చిన రోజే అత్తను కూర్చోబెట్టి చెప్పినాను, నోరు జారినావంటే బాగుండదు అని. అత్త తల ఊపింది. ఆ ఊపడం కూడా నాకు నమ్మకం కుదరలేదు.

ఆ తర్వాత వచ్చిన కృత్తికకు నేనూ వస్తానన్నాను. మొక్కుందని చెప్పినాను. మొక్కూ లేదు, ఏమీ లేదు, ఈమె ఎవరితో ఏం మాట్లాడతాదో చూడాల. లేడీస్ పెట్టెలో ఎక్కినాము. అత్తను చూస్తానే నలుగురైదుగురు జరిగి చోటిచ్చినారు. అత్త కిటికీ పక్కన కూర్చోలేదు. అంచులో కూర్చొని, కొని తెచ్చిన మల్లెపూల మూరను తుంచి తలా ఇంత ఇచ్చింది. కిటికీ ఎందుకు వద్దంటే, ఏడ్చేవాళ్ళకు అది కావాల్లే అని నవ్వింది. నేను కొంచెం ఎడంగా కూర్చొని కనిపెట్టుకుంటా ఉండినాను.

కడంబత్తూరు దాటినాక కిటికీ పక్కన కూర్చున్న ఆమె మెల్లిగా చెప్పడం మొదలు పెట్టింది. తమిళంలోనే. మొగుడు, మరిది, ఇంకా ఏమేమో. నాకు సగమే వినపడింది. అత్త ఒక్క ప్రశ్న అడగలేదు. ఆమె చెయ్యి పట్టుకొని కూర్చునింది, కొంతసేపటికి కళ్ళు తుడుచుకునింది. నాకు ఒళ్ళు మండింది. మా మామ పోయినప్పుడు కన్నీటి బొట్టు రాల్చని మనిషి. ఊరూ పేరూ తెలీనిదాని కోసం ఇక్కడ ఏడుస్తాండాది. ఇంత మెత్తబడే మనిషి నోరు కట్టుకొని ఉంటాదా?

అప్పుడే మా అక్క ఫోను చేసింది, పిల్ల ఎట్లుండాది, నిజం చెప్పు అని. పెట్టెలో అంతా తమిళమే వినపడతాండాది. మన తెలుగోళ్ళకు ఒక పిచ్చి ఉండాది చూడండి, ఇంట్లో మాట్లాడుకునేది ఇంకెవరికీ రాదని. నేను గొంతు కూడా తగ్గించకుండా తెలుగులో చెప్పుకుంటా పోయినాను. ఆస్పత్రి, డాక్టరు చెప్పింది, పిల్ల ఎందుకు చేసిందో నోరు విప్పడం లేదనేది, ఊరికి ఏం చెప్పినామనేది, అన్నీ. అత్త లేచొచ్చి నా తొడ గిల్లింది. ఎంత గట్టిగా అంటే సాయంత్రానికి కమిలిపోయింది. తనను గురించి మా అక్కకు చాడీలు చెప్తాండాననుకునింది కాబోలు అని, ఫోను పెట్టేసి, మొకం తిప్పుకొని కూర్చున్నాను.

ఇంటికొచ్చినాక కడిగేసినాను. రైల్లో ఎవరెవరితో ఏమేమి చెప్తాండావు, మా పిల్ల సంగతి యాడన్నా వాగినావా అని. అత్త కోపపడలేదు. నీళ్ళు తాగి నిమ్మళంగా ఒక్క మాట అనింది. "ఇంట్లో చెప్పింది ఇంట్లోనే తిరగతాదే. రైల్లో చెప్పింది మనిషితో పాటు దిగిపోతాది."

ఇది జవాబా? చెప్పలేదు అనచ్చు గదా. అనలేదు. ఆ అనకపోవడం నాకు ముల్లై కూర్చునింది. ఆ తర్వాత మా పిల్ల కాలేజీ చదివింది, ఉద్యోగంలో చేరింది, సంబంధాలు చూడడం మొదలు పెట్టినాము. ఒకాయన జాతకం తీసుకొనిపోయి మళ్ళీ పలకలేదు. ఇంకొకళ్ళు చూసిపోయి, కబురు చేస్తాము అన్నారు, చెయ్యలేదు. లోకంలో ఎన్ని సంబంధాలు తప్పిపోవు? కానీ తప్పినప్పుడల్లా నేను అత్త మొకమే చూసేదాన్ని. అత్త చూపు తిప్పుకోకుండా ఆకుకూర దూసుకుంటా ఉండేది.

అత్త మంచిది కాదని మాత్రం నేను యాడా అనలేదు. నాకు జ్వరమొస్తే మిరియాల రసం పెట్టి, తాగేదాకా గిన్నె పట్టుకొని నిలబడేది. నా చీర మడతలు తన చేత్తో సర్ది, నీకు ఈ రంగు బాగుండాది అనేది. ఆస్పత్రినుంచి వచ్చినాక మా పిల్ల గదిలో చాప వేసుకొని పడుకునింది అత్తే. నేను పోతే పిల్ల గోడవైపు తిరుక్కునేది, అవ్వ పోతే మాత్రం తిరుక్కునేది కాదు. దాన్ని కూడా నేను అనుమానంగానే చూసినాను.

ఆఖరికి ఆవడిలో ఒక మంచి సంబంధం కుదిరింది. నిశ్చితార్థమయింది. పిల్లోడు నెమ్మదస్తుడు. ఇంక ముహూర్తం పెట్టాల అనుకునేలోగా అత్త పోయింది. ఏడాది తెవసం, అదే తద్దినం, పెట్టినాక పెళ్ళి అని రెండు వైపులా అనుకున్నాము.

మా ఆయన తల్లి మీద ప్రేమకొద్దీ స్టేషను రోడ్డులో ఫ్లెక్సు కట్టించినాడు. మనిషంత ఎత్తు ఫొటో, కింద తమిళంలో పేరు. పదహారో రోజు కారియానికి, అదే పెద్దకర్మకు, వచ్చిన బంధువులంతా తిని పోయినాక, వాకిట్లో ముగ్గురు ఆడోళ్ళు వచ్చి నిలబడినారు. వాళ్ళను మా ఇంట్లో ఎవరూ ఎరగరు. అందులో పెద్దామె చేతిలో మల్లెపూల పొట్లం ఉండాది. ఫ్లెక్సు చూసి ఇల్లు అడుక్కుంటా వచ్చినామమ్మా అనింది తమిళంలో. ఇన్నేండ్లూ కృత్తిక నాడు కలిసి రైలెక్కి, కొండ దిగినాక సాయంత్రం దాకా స్టేషన్లో కూర్చొని మాట్లాడుకున్నా, ఆమె పేరు ఆ ఫ్లెక్సు చూసినాకే తెలిసిందంట. ఇంత పెద్ద పేరా ఆమెకు అని పటం ముందర నిలబడి ఏడుస్తానే నవ్వింది.

ఇప్పుడు వీళ్ళకు మా పేరు తెలుసు, ఇల్లు తెలుసు, లోపల తిరుగుతాండే మా పిల్ల తెలుసు. ఏమేమి తెలుసో మాత్రం నాకు తెలీదు. మిగతా ఇద్దరూ భోజనానికి కూర్చున్నాక, పెద్దామెను పెరట్లోకి తీసుకొనిపోయినాను. మర్యాదా గిర్యాదా పక్కన పెట్టి, మా పిల్ల సంగతి మా అత్త మీకు ఏం చెప్పింది అని అడిగేసినాను.

అంతదాకా తమిళం మాట్లాడిన మనిషి తెలుగులో అనింది. "ఆమె చెప్పలేదమ్మా. నువ్వే చెప్పినావు, ఫోన్లో."

పళ్ళిపట్టు పక్క పల్లె ఆమెది. ఇంట్లో తెలుగే. ఆ రోజు పెట్టెలో సగం మందికి తెలుగొచ్చంట. నా మాట వినపడినోళ్ళంతా తల వంచుకొని కూర్చున్నారంట, నాకు తెలీకూడదని. అత్త గిల్లింది ఎందుకో అప్పుడు తెలిసింది నాకు. అంతా వినేసినారని తెలిసి కూడా ఇంటికొచ్చి ఆ మాట నాతో అనలేదు ఆ మనిషి. నువ్వే చెప్పినావు గదే అని ఒక్కసారి అనుంటే నా నోరు పడిపోయుండేది. ఎన్ని సంబంధాలు తప్పినప్పుడు నా చూపు భరించిందో!

ఆమె ఇంకా చెప్పింది. తర్వాతి నెల వాళ్ళే అత్తను అడిగినారంట, పిల్ల ఎట్లుండాది అని. అత్త ఒప్పుకోలేదంట. అది ఆ బిడ్డ కత, ఆ బిడ్డే చెప్పుకోవాల, మీకు కావాలంటే నాది చెప్తాను అని మొదలు పెట్టిందంట.

పెళ్ళయిన కొత్తలో, ఎవరూ లేని మధ్యాన్నం, అత్త చావాలనుకొని బావికాడికి పోయిందంట. గట్టుమీద కూర్చోనుంటే మేకలు తోలుకుంటా ఎవరో ఒకామె నీళ్ళకొచ్చింది. చూసింది. అరవలేదు, బుద్ధి చెప్పలేదు. పక్కన కూర్చొని, ఏడ్చుకో అనింది. పేరడగలేదు, ఎవరి కోడలివని అడగలేదు. అత్త అన్నీ చెప్పేసిందంట. ఎండ దిగేదాకా వినింది. వినేసి, నాకూ ఇట్లాంటిదే ఒకటుండాది అని తనదీ చెప్పి, లేచి మేకలు తోలుకొని పోయింది. అత్త కడవ నింపుకొని ఇంటికొచ్చింది. ఆమెను మళ్ళీ ఎప్పుడూ చూడలేదంట.

మా ఆయనకు తెలీదు ఇది. మా మామ తెలుసుకోకుండానే పోయినాడు. ఒకే కప్పు కింద ఉండి, ఆమెను అనుమానంతో తవ్వి తవ్వి చూసిన నాకు కూడా తెలీదు.

వాళ్ళు పోయినాక మా పిల్లను పిలిచి చెప్పినాను. పిల్ల ఆశ్చర్యపడలేదు. "నాకు తెలుసమ్మా," అనింది. "ముందు రైల్లో చెప్పి చూసుకునిందంట అవ్వ. నోరు తిరిగినాక వచ్చి నాకు చెప్పింది. దాని తర్వాతే నేనూ అవ్వకు చెప్పినాను."

ఏం చెప్పినావు అని నేను అడగలేకపోయినాను. నాకెందుకు చెప్పలేదు అని మాత్రం అడిగినాను. నువ్వు వినేటప్పుడే ఇది ఇంకెవరికి తెలుసో అని చూసుకుంటావమ్మా అనింది.

నాకు రోషమొచ్చింది. కన్నతల్లిని, నేను కాపాడకపోతే ఎవరు కాపాడతారు? లోపలికి పోయి తలుపేసుకున్నాను. రోషం పోయినాక ఏడుపొచ్చింది. చచ్చిపోయినామె మీద అసూయ పడితే లోకం నవ్వుతాది, కానీ నేను పడినాను. నా బిడ్డ మాట నాకంటే ముందు ఆమె వినింది.

అన్నం పెట్టేటప్పుడు, ఇప్పుడన్నా చెప్తావా అన్నాను. నీ మొకం చూసి చెప్పలేను, కృత్తికకు రైలెక్కుదాం రా అనింది పిల్ల. ఇంట్లో చావైతే ఏడాది కొండెక్కకూడదు గదా, ఊరికే పోయి ఏం చేస్తాము అన్నాను. ఊరికే పోదాం అనింది.

పోయిన కృత్తికకు పోయినాము. లేడీస్ పెట్టెలో రద్దీ తక్కువ. పిల్ల నా పక్కన కాకుండా ఎదురు సీట్లో కూర్చునింది. రైలు కదిలినాక నా వైపు చూసి, "మీరు యాడ దిగతారు?" అనింది. పుట్టినప్పటినుంచీ నన్ను నువ్వు అని పిలిచే పిల్ల. నవ్వులాట అనుకున్నాను. మొకం చూస్తే నవ్వు లేదు. తిరుత్తణిలో అన్నాను, నా గొంతు నాకే కొత్తగా ఉండింది. నేనూ అక్కడికే అని, కొంచెం సేపు చేతి గోళ్ళు చూసుకొని, మెల్లిగా చెప్పడం మొదలు పెట్టింది.

ఏం చెప్పిందో ఇక్కడ రాయను, అది నాది కాదు. వినడం ఎంత కష్టమో మాత్రం రాస్తాను. మధ్యలో నేను తల్లినయిపోతా వచ్చినాను. ఎవడు వాడు అని నోటిదాకా వచ్చింది, మింగినాను. నాతో ఒక్క మాట చెప్పుంటే అని వచ్చింది, అదీ మింగినాను. పిల్ల పక్కన కూర్చున్న ముసలామె చెవి ఇటు పెట్టిందేమో అని ఒక చూపు చూడబోయి, ఆపుకున్నాను. అరక్కోణం వచ్చింది, పోయింది. ఆ పిల్ల చెప్తానే ఉండాది. కష్టపడిన పిల్ల. ధైర్యమున్న పిల్ల. వీధిలో పోయే ఎవరి బిడ్డయినా ఇట్లా చెప్పుంటే ఆ నిమిషమే దగ్గరికి తీసుకొనుందును.

తిరుత్తణిలో దిగి, కొండకు కిందినుంచే దండం పెట్టుకొని, కాఫీ తాగి, తిరుగు రైలెక్కినాము. తిరువళ్ళూరు వస్తానే సంచి తీసుకొని లేచినాను. పిల్ల లేవలేదు.

"మీది ఈ ఊరు గదా, దిగండి," అనింది. "నేను ఆవడికి పోవాల. అక్కడ ఒకరికి ఇది నేనే చెప్పాల."

కుదిరిన సంబంధం. వాళ్ళమ్మ, వాళ్ళ చుట్టాలు, మా వీధి, అందరి నోళ్ళూ ఒక్కసారి కళ్ళముందర తిరిగినాయి. ఇన్నేండ్లు నేను మూసి పెట్టింది ఆ పిల్ల తన చేత్తో తెరిచేదానికి పోతాండాది. ఆ పిల్లోడు మంచోడే, కానీ ఎంత మంచోడు? వద్దే, దిగు అని అరవాల నేను. తల్లినైతే అరుస్తాను. వెనకనుంచి దిగేవాళ్ళు తోస్తాండారు. దిగినాను.

కిటికీ దగ్గరికి పోయి నిలబడినాను. రైలు కదిలేటప్పుడు, మంచిగా పోయి రామ్మా అన్నాను, దారిలో కలిసినోళ్ళకు చెప్పినట్టే. పిల్ల తల ఊపింది. నేను లేచిన సీట్లో ఎవరో ఒకామె కూరగాయల సంచి ఒళ్ళో పెట్టుకొని కూర్చుంటా, మా పిల్ల మొకంలోకి చూసి, కొంచెం ముందుకు వంగింది.